రైతు మనోభారము - కొలుచుకొను విధము, తగ్గించుకొను మార్గములు



విత్తనము వేయకముందు మనము భూసార పరీక్ష చేయిస్తున్నాము. పాడి గేదె మేత తినకపోతే వెంటనే పశువైద్యుని వద్దకు తోలుకొని పోతున్నాము. మోటారు కొంచెము వేడెక్కితే ఆపి, బేరింగు చూపిస్తున్నాము. కాని ఈ పొలమును, ఈ పశువును, ఈ మోటారును నడిపించే మనిషి వేడెక్కినప్పుడు మాత్రము ఎవరికీ చూపించము. "వ్యవసాయమంటే ఇంతే కదా" అని ఊరుకుంటాము. ఈ ఊరుకోవడమే చాలా ఇండ్లలో పంటనష్టము కంటె పెద్ద నష్టము తెచ్చిపెడుతున్నది.

ఈ వ్యాసములో మనసు మీద పడే భారమును, అనగా మానసిక ఒత్తిడిని, ఎవరికి వారు ఏ విధముగా కొలుచుకొనవలెనో, హద్దు దాటకముందే ఏ విధముగా తగ్గించుకొనవలెనో, హద్దు దాటినప్పుడు ఎవరి వద్దకు పోవలెనో తెలియజేస్తున్నాను. గ్రామాధికారులు కూడా దీనిని శ్రద్ధగా చదువవలెనని మనవి. ఎందుకనగా ఇది వారికి కూడా వర్తిస్తుంది.

నేను చేసిన ఒక పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట నేను పత్తి ఎక్కువగా పండే ఒక మండలములో పనిచేస్తున్నాను. ఆశ్వయుజ మాసము. నలభై ఏండ్ల రైతు ఒకాయన కార్యాలయమునకు వచ్చి, పత్తి ఆకులు ఎర్రబడుతున్నవని చెప్పినాడు. అది మెగ్నీషియము లోపము. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియము సల్ఫేటు కలిపి పిచికారి చేయమని చెప్పి పంపినాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చినాడు. అదే ప్రశ్న. మళ్ళీ చెప్పినాను. మరి రెండు రోజులకు మళ్ళీ వచ్చినాడు. అదే ఆకు, అదే ప్రశ్న. ఆ వారము నాకు పంట నమోదు పని తలకు మించి ఉన్నది, యూరియా కొరకు వరుసలో నిలుచున్నవారితో రోజూ తగవు. నాలుగోసారి ఆయన గడపలో కనిపించగానే, "చెప్పాను కదయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని విసుక్కొన్నాను. ఆయన ఏమీ అనకుండా తువ్వాలు దులుపుకొని వెళ్ళిపోయినాడు.

మరునాడు ఆయన భార్య ఒక్కతే వచ్చినది. "సారూ, మీ మాటంటే ఆయనకు గురి. మా ఆయన ఇరవై రోజుల నుంచి నిద్రపోవడం లేదు. రాత్రిళ్ళు లేచి పొలానికి పోతున్నాడు. అన్నం ముందర కూర్చుని లేస్తున్నాడు. నాకు భయంగా ఉంది సారూ" అన్నది. ఆ సాయంత్రమే ఆ ఊరి ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని వారి ఇంటికి పోయినాను. మరుసటి ఉదయము ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అక్కడ నుండి జిల్లా ఆసుపత్రికి తీసికొని పోయినాము. ఆయనకు చికిత్స జరిగినది. మూడు ఎకరములు సొంతము, నాలుగు ఎకరములు కౌలు. ఈనాటికీ సేద్యము చేస్తున్నాడు.

కోలుకున్న తరువాత ఒకనాడు ఆయన నాతో అన్నమాట ఇది: "ఆకు ఎందుకు ఎర్రబడిందో నాకు మొదటి రోజే తెలిసింది సార్. కాసేపు మీ దగ్గర కూర్చుందామని వచ్చేవాణ్ణి."

నేను ఆకును చూచినాను, ఆకు పట్టుకొన్న చేతిని చూడలేదు. నా విసుగు కూడా ఎక్కడి నుండి వచ్చినదో తరువాత ఆలోచించుకొన్నాను. ఆ పక్షము రోజులు నాకు కూడా సరియైన నిద్ర లేదు. నా భారమును నేను కొలుచుకొనలేదు గనుక ఆయన భారము నాకు కనబడలేదు.

ఒత్తిడి అనగా ఏమి?

ఒత్తిడి అన్నది వ్యాధి కాదు, పిరికితనము అంతకన్నా కాదు. ఆపద ఎదురైనప్పుడు శరీరము తననుతాను సిద్ధము చేసుకొనే ఏర్పాటు అది. చీకటిలో కాలిబాట మీద పాము కనబడినదనుకొనండి. మూత్రపిండముల పైభాగమున ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసమును రక్తములోకి వదలుతవి. గుండె వేగముగా కొట్టుకొంటుంది. ఊపిరి త్వరత్వరగా ఆడుతుంది. కండరములకు రక్తము, చక్కెర ఎక్కువగా అందుతవి. జీర్ణక్రియ మందగిస్తుంది. పాము ప్రక్కకు తప్పుకోగానే కాసేపటిలో అంతా మామూలు స్థితికి వస్తుంది. ఇది మేలు చేసే ఏర్పాటే.

కాని అప్పు పామువలె ప్రక్కకు తప్పుకోదు. వాన రాని ఆకాశము నెల రోజులు అట్లే ఉంటుంది. అప్పుడు కార్టిసాల్ అనే మరొక రసము దీర్ఘకాలము హెచ్చుగా ఉండిపోతుంది. ఇది సహజముగా తెల్లవారుజామున హెచ్చి, రాత్రికి తగ్గవలసినది. ఈ క్రమము తప్పినప్పుడు నిద్ర చెడుతుంది. రక్తపోటు, మధుమేహము ఉన్నవారికి అవి అదుపు తప్పుతవి. చిన్న జబ్బులు కూడా త్వరగా తగ్గవు.

హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు 1936లో దీనిని గురించి వ్రాస్తూ మూడు దశలు గుర్తించినాడు. మొదటిది ఉలికిపాటు, రెండవది తట్టుకొని నిలబడడము, మూడవది అలసి కూలబడడము. మన ఎడ్లను చూస్తే ఇది తేలికగా బోధపడుతుంది. బరువు ఎక్కించగానే ఎద్దు ఒకసారి వెనుకకు తగ్గుతుంది. తరువాత మెడ వంచి లాగుతుంది. విశ్రాంతి ఇవ్వక లాగిస్తే ఏదో ఒక మిట్ట మీద మోకాళ్ళ మీద పడుతుంది. తెలివైన రైతు ఎద్దు పడేవరకు ఆగడు, మెడ మీద కాడి రాపిడి చూడగానే బండి ఆపుతాడు.

ఏ కాలములో ఎక్కువ?

రైతు మీద భారము ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు. జూన్, జూలై మాసములలో విత్తనము వేసి వానకొరకు ఎదురుచూపు. ఆగస్టు, సెప్టెంబరులలో పురుగు, తెగులు, ఎరువుల ఖర్చు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కోస్తా జిల్లాలవారికి తుపాను భయము. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినప్పుడు కోతకు వచ్చిన వరి నీటిపాలయినది. చేతికి వచ్చిన పంట పోవడము, మొలకలో పోయినదానికంటె మనసును ఎక్కువ కుంగదీస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో ధర పలుకుతుందో లేదో అన్న దిగులు. మార్చి వచ్చేసరికి బాకీల గడువులు, ఆపైన పెండ్లిళ్ళు, పిల్లల చదువులు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్లు రెండు మూడు కష్టములు ఒకేసారి పడినప్పుడే మనిషి తూలుతాడు. కాబట్టి ఈ దిగువ పరీక్షను ఏడాదికి నాలుగుసార్లు, అనగా విత్తునప్పుడు, పూత దశలో, కోతలో, బాకీల గడువులో చేసుకొనవలెను.

కౌలు రైతుల మీద, ఒంటరిగా సేద్యము చేసే స్త్రీల మీద ఈ భారము మరి కొంత ఎక్కువ. పంట పోయినా కౌలు చెల్లించవలెను. స్త్రీకి పొలములో పని అయిన తరువాత ఇంటిలో పని మొదలవుతుంది. స్త్రీలు తరచు "దిగులుగా ఉంది" అని చెప్పరు, "ఒళ్ళు నొప్పులు, నీరసం" అని చెప్పుతారు. ఇంటివారు ఇది గ్రహించవలెను.

పది గుర్తుల పరీక్ష

ఒక కాగితము తీసికొనండి. చదువురానివారికి పిల్లలు చదివి వినిపించవచ్చును. గడచిన రెండు వారములను తలచుకొని, ప్రతి గుర్తుకు ఈ విధముగా అంకె వేయండి. అసలు లేకపోతే 0, కొన్ని రోజులు ఉంటే 1, సగము కంటె ఎక్కువ రోజులు ఉంటే 2, దాదాపు ప్రతిరోజూ ఉంటే 3.

1. పడుకొన్న గంటకు కూడా నిద్ర పట్టకపోవడము, లేదా రెండు, మూడు గంటలకే మెలకువ వచ్చి మళ్ళీ పట్టకపోవడము.

2. ఆకలి మందగించడము, తిన్నది రుచించకపోవడము.

3. కారణము లేకుండా తలనొప్పి, మెడపట్టు, గుండెదడ, కడుపులో మంట.

4. చిన్న మాటకే ఇంటివారిమీద, పిల్లలమీద, పశువులమీద కోపము.

5. మతిమరుపు. మోటారు కట్టినానా లేదా, గొడ్లకు నీళ్ళు పెట్టినానా లేదా అని పదేపదే పోయి చూడడము.

6. నిర్ణయము తోచకపోవడము, లేదా తోచక ఎవరు ఏ మందు చెప్పితే అది కొట్టడము.

7. మనుషులను తప్పించుకోవడము. రచ్చబండ వద్దకు పోకపోవడము, శుభకార్యములకు ఎగవేయడము, ఫోను మ్రోగినా ఎత్తకపోవడము.

8. మద్యము, బీడీ, పొగాకు వాడకము మునుపటికంటె పెరగడము.

9. ఇష్టముగా చేసే పనుల మీద కూడా ఇష్టము పోవడము, పొలము వైపు పోబుద్ధి కాకపోవడము.

10. "నా వల్ల అందరికీ భారమే" అన్న తలపు, దిగులు, ఏడుపు రావడము.

మొత్తము కూడండి. 30కి ఎంత వచ్చినదో, తేదీతో సహా వ్రాసి దాచుకొనండి. ఇది రోగనిర్ణయము చేసే పరీక్ష కాదు. అది వైద్యుని పని. ఇది మీ పొలము గట్టుమీద మీరు నాటుకొన్న కొలత కర్ర వంటిది. ప్రక్కింటివారికి ఎంత వచ్చినదన్నది ముఖ్యము కాదు. పోయిన పరీక్షకు, ఈ పరీక్షకు మధ్య మీ అంకె పెరిగినదా, తగ్గినదా అన్నదే ముఖ్యము. మీకు కనబడని గుర్తులు ఇంటివారికి కనబడతవి గనుక, 4, 7, 8 గుర్తులకు అంకె వేసేటప్పుడు భార్యను గాని, భర్తను గాని అడిగి వేయడము మంచిది.

పట్టణములలో వైద్యులు, పరిశోధకులు వాడే కొలతలు కూడా ఇటువంటివే. 1983లో షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు తయారుచేసిన ఒత్తిడి కొలమానము నేటికి అనేక దేశములలో వాడుకలో ఉన్నది. పది ప్రశ్నలున్న దాని రూపములో గడచిన నెలలో మనసు ఎట్లున్నదని అడిగి, ఒక్కొక్క ప్రశ్నకు 0 నుండి 4 వరకు అంకె వేసి, 40కి లెక్క కట్టుతారు.

హద్దు ఎక్కడ?

పత్తిలో గులాబీ రంగు పురుగుకు మనము ఒక హద్దు పెట్టుకొన్నాము. లింగాకర్షక బుట్టలో రోజుకు 8 రెక్కల పురుగులు చొప్పున వరుసగా 3 రోజులు పడితే మందు కొట్టవలెను. ఒక పురుగు కనబడగానే కొట్టము, చేను మొత్తము పోయేవరకు ఆగము. మనసు విషయములో కూడా హద్దు ఇటువంటిదే.

మొదటి హద్దు: 9వ గుర్తుకు గాని, 10వ గుర్తుకు గాని 2 లేక 3 వచ్చినచో, అనగా రెండు వారములలో సగము కంటె ఎక్కువ రోజులు ఆ స్థితి ఉన్నచో, మిగతా అంకెలు ఎంత ఉన్నప్పటికి వైద్యుని చూడవలెను.

రెండవ హద్దు: నిద్ర లేకపోవడము వలన గాని, దిగులు వలన గాని రోజువారీ పని ఆగిపోయినచో వైద్యుని చూడవలెను.

మూడవదానికి హద్దు లేదు. చనిపోవలెనన్న తలపు ఒక్కసారి వచ్చినా చాలు. రెండు వారములు ఆగరాదు. రెండు గంటలు కూడా ఆగరాదు. ఆ క్షణమే దగ్గరివారికి చెప్పవలెను. 14416 నంబరుకు ఫోను చేయవలెను. ఆ రాత్రి ఒంటరిగా ఉండరాదు.

ఇంటివద్ద చేసుకొనదగిన పనులు

హద్దులోపల ఉన్నవారు ఈ దిగువ పనులు చేసినచో భారము తగ్గుతుంది. హద్దు దాటినవారు వైద్యముతోపాటు ఇవి చేయవచ్చును.

ఒకటి, నిద్ర. రోజూ ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవవలెను. సాయంత్రము తరువాత టీ మానవలెను. పడకమీద ఫోను చూడరాదు. కరెంటు వేళల వలన రాత్రిపూట నీరు కట్టవలసి వచ్చినవారు, మరునాడు మధ్యాహ్నము కొంతసేపు తప్పక పడుకొనవలెను. మద్యము నిద్ర తెప్పిస్తుందని కొందరి నమ్మకము. అది తొందరగా నిద్ర పట్టించి అర్ధరాత్రి లేపుతుంది, మరునాడు దిగులును పెంచుతుంది. అప్పును కూడా పెంచుతుంది.

రెండు, ఊపిరి. నీడన వెన్ను నిలిపి కూర్చుని, నాలుగు అంకెలు లెక్కించేవరకు ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కించేవరకు మెల్లగా వదలవలెను. ఈ విధముగా ఉదయము అయిదు నిమిషములు, సాయంత్రము అయిదు నిమిషములు చేయవలెను. వదిలే ఊపిరి నిడివిగా ఉన్నప్పుడు గుండె వేగము తగ్గుతుంది.

మూడు, కష్టములను మూడు కుప్పలు చేయడము. నూర్చిన ధాన్యమును తూర్పారబట్టినట్లు, మనసులోని దిగుళ్ళను కాగితము మీద పెట్టి వేరుచేయండి. నా చేతిలో ఉన్నవి ఒక కుప్ప: ఎరువు ఎంత వేయవలెను, ఏ పంట వేయవలెను, ఇంటి ఖర్చు ఎంత. అడిగితే జరిగేవి రెండవ కుప్ప: బ్యాంకు గడువు, కౌలు తగ్గింపు, పంట నష్టము నమోదు. ఎవరి చేతిలోను లేనివి మూడవ కుప్ప: వాన, తుపాను. మొదటి కుప్పలో ఒక పని ఈ రోజే చేయండి. రెండవ కుప్పలో ఒకరిని రేపు అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు. మూడవ కుప్పను కట్టి పక్కన పెట్టండి. చాలామంది రైతులు రాత్రిపూట మోసేది ఈ మూడవ కుప్పనే.

నాలుగు, అప్పుల పట్టీ. "ఎంత అప్పున్నదో తలచుకొంటేనే భయం" అని లెక్క చూడనివారు ఎక్కువ. లెక్క తెలియని అప్పు, తెలిసిన అప్పుకంటె ఎక్కువ బరువు. ఎవరికి, ఎంత అసలు, ఎంత వడ్డీ, ఎప్పుడు గడువు అని నాలుగు గడులు గీసి వ్రాయండి. భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని వ్రాయండి. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష రూపాయలకు ఏడాదికి 36,000 రూపాయలు వడ్డీ. అదే లక్ష కిసాన్ క్రెడిట్ కార్డుమీద పంట రుణముగా తీసికొని గడువులోపల చెల్లించినచో, వడ్డీ రాయితీ పోను ఏడాదికి 4 శాతము చొప్పున 4,000 రూపాయలు. తేడా 32,000 రూపాయలు. కాబట్టి హెచ్చు వడ్డీ బాకీని ముందు తీర్చే ఉపాయము చూడవలెను. ప్రకృతి వైపరీత్యము వలన పంట పోయినట్లు ప్రకటించిన ప్రాంతములలో పంట రుణముల గడువును పొడిగించే పద్ధతి బ్యాంకులలో కలదు. అది దానంతట అది రాదు, బ్యాంకుకు పోయి అడుగవలెను. భూమి తగాదాలు, బాకీ తగాదాలు ఉన్నవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థ వద్ద సలహా పొందవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, తక్కువ ఆదాయము కలవారికి అక్కడ న్యాయసహాయము ఉచితము. ఫోను నంబరు 15100.

అయిదు, ఒక మనిషి. వారమునకు ఒక్కసారైనా మనసు విప్పి మాట్లాడే మనిషి ఒకరు ఉండవలెను. బావమరిది కావచ్చును, చిన్ననాటి స్నేహితుడు కావచ్చును, పొదుపు సంఘములోని అక్క కావచ్చును. సలహా ఇవ్వనవసరము లేదు, వింటే చాలును.

పురుగుమందుల విషయములో రెండు జాగ్రత్తలు

మొదటిది. పిచికారి చేసిన రోజులలో తలనొప్పి, చెమటలు, వికారము, చిరాకు, నిద్రలేమి కలిగినచో అది దిగులు వలన వచ్చినదని అనుకొనరాదు. ఆర్గానోఫాస్ఫేటు మందులు ఒంటికి తగిలినప్పుడు కూడా ఈ గుర్తులు కలుగుతవి. నోటివెంట చొంగ కారడము, కంటిపాప చిన్నదవడము, వాంతులు ఉన్నచో వెంటనే ఒంటిమీది బట్టలు తీసివేసి, సబ్బు నీళ్ళతో కడిగి, 108 పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. మందు డబ్బాను, చీటీతో సహా, వైద్యునికి చూపించవలెను.

రెండవది. పురుగుమందును ఇంటిలో, పడక గదిలో, వంటింటి అటకమీద ఉంచరాదు. తాళము వేసిన పెట్టెలో, ఇంటికి దూరముగా, కొట్టములో ఉంచవలెను. ఆ సీజనుకు కావలసినంతే కొనవలెను. ఇంటిలో ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉన్నప్పుడు తాళపుచెవి మరొకరి వద్ద ఉండవలెను. ఇది పిల్లల క్షేమము కొరకు మాత్రమే చెప్పుట కాదు. తెగించే తలపు ఉప్పెన వంటిది. అది ఉద్ధృతముగా వచ్చినా, చాలామందిలో కొద్ది గంటలలో తీస్తుంది. ఆ కొద్ది గంటలు మనిషికి, ప్రమాదమునకు మధ్య దూరము ఉంటే ప్రాణము నిలుస్తుంది. నిలిచిన ప్రాణము మళ్ళీ సేద్యము చేస్తుంది. పొరుగున శ్రీలంకలో 1990ల నుండి అతి ప్రమాదకరమైన పురుగుమందులను నిషేధించిన తరువాత, ఇట్టి మరణముల రేటు దాదాపు సగమునకు తగ్గినది.

ఎవరి వద్దకు పోవలెను?

మన దేశములో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము 1982లో మొదలయినది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో చేసి చూచిన పద్ధతిని అనుసరించి 1996 నుండి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము అమలులోకి వచ్చినది. మొదట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, "నిద్ర పట్టడం లేదు, దిగులుగా ఉంది" అని సూటిగా చెప్పండి. "నీరసం" అని మాత్రమే చెప్పినచో బలము మందు ఇచ్చి పంపవచ్చును. అవసరమయినచో అక్కడి వైద్యుడు జిల్లా ఆసుపత్రికి పంపుతాడు. మనసుకు వాడే మందులు కొన్ని రెండు మూడు వారములు వాడిన తరువాతగాని గుణము చూపవు. ఎరువు వేసిన మరునాడే కంకి రాదు కదా! వైద్యుడు చెప్పక మధ్యలో మానరాదు.

ఆసుపత్రికి పోవుటకు సంకోచించేవారు టెలి-మానస్ కు ఫోను చేయవచ్చును. ఇది 2022 అక్టోబరు 10న ప్రారంభమయినది. నంబరు 14416. లేదా 1800-891-4416. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడవచ్చును. పంటకు సంబంధించిన సందేహములకు కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 ఉన్నది. ఈ రెండు నంబర్లు ఇంటి గోడమీద, క్యాలెండరు ప్రక్కన, పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టుకొనండి.

గ్రామాధికారులకు మనవి

వ్యవసాయ సహాయకులు, రెవెన్యూ అధికారులు, కార్యదర్శులు, సర్పంచులు, సంఘ నాయకులు రోజూ రైతును చూచేవారు. వైద్యునికంటె ముందు వారికే గుర్తులు కనబడతవి. ఎప్పుడూ వచ్చేవాడు రాకపోవడము, ఒకే ప్రశ్నను మళ్ళీ మళ్ళీ అడగడము, ఉన్నట్టుండి పశువులను అమ్మివేయడము, తనకు ఇష్టమైన వస్తువులను పంచిపెట్టడము, బాకీలన్నిటి కాగితములు ఒకరికి అప్పగించడము కనబడినచో కూర్చోబెట్టి మాట్లాడవలెను.

మాట్లాడునప్పుడు "ధైర్యంగా ఉండు" అని భుజము తట్టి పంపివేయరాదు. "నీకంటే కష్టాలున్నవాళ్ళు లేరా" అనరాదు. "నిద్ర పడుతున్నదా? అన్నం తింటున్నావా?" అని అడగండి. అనుమానముగా ఉన్నచో, "చచ్చిపోదామన్న ఆలోచన వస్తున్నదా?" అని సూటిగా అడగండి. ఆ విధముగా అడిగినచో లేని తలపు కలుగుతుందని కొందరి భయము. అది నిజము కాదు. అడిగినవారు దొరికినారని ఆ మనిషి బరువు దించుకొంటాడు. అవునన్నచో విడిచి వెళ్ళరాదు. ఇంటివారిని పిలిచి, ఆశా కార్యకర్తకు కబురు చేసి, ఆసుపత్రికి చేర్చువరకు తోడుండవలెను.

మరియొక సంగతి. పోలీసు కేసు అవుతుందన్న భయముతో కొన్ని కుటుంబములు ప్రాణాపాయ స్థితిలో కూడా ఆసుపత్రికి రావు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 115వ సెక్షను ప్రకారము, అట్టి ప్రయత్నము చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా భావించవలెనేగాని శిక్షించరాదు. వారికి సంరక్షణ, చికిత్స కల్పించడము ప్రభుత్వ బాధ్యత. ఈ సంగతి ప్రతి ఊరిలో చెప్పవలెను.

అధికారులు కూడా పై పది గుర్తుల పరీక్ష చేసుకొనవలెను. విసుగుతో ఉన్న అధికారి ముందు ఏ రైతు నోరు విప్పడు. ఇది నేను నేర్చుకొన్న పాఠము.

ముగింపు

రైతు సోదరులారా! పంట ఒక కారు పోతే మరొక కారు వస్తుంది. భూమి బీడుపడితే మళ్ళీ దున్నవచ్చును. ఇంటికి మీరు మాత్రము ఒక్కరే. మేడి పట్టిన చేయి నిలకడగా ఉన్నప్పుడే సాలు చక్కగా వస్తుంది.

ఈ రాత్రి భోజనము తరువాత ఒక కాగితము, ఒక పెన్సిలు తీసికొని పది గుర్తులకు అంకెలు వేయండి. తరువాత ఆ కాగితమును ఇంటివారికి చూపండి. మీ ప్రక్క పొలములో ఈ మధ్య ఎవరైనా కనబడడము మానివేసినచో, రేపు ఉదయము ఆ గట్టు దాటి పోయి పలుకరించండి. పంట సంగతి అడగండి. పంట సంగతి అయిన తరువాత లేచిరాకండి, కాసేపు కూర్చోండి.